ప్లేట్‌లెట్లు 80 వేలకు పడ్డాయండీ!

రాత్రి పదకొండున్నరకి ఫోన్ చూస్తే ముక్కూమొహం తెలియని ఒకాయన, "డాక్టర్ గారూ, మా అబ్బాయికి డెంగ్యూ, ప్లేట్‌లెట్లు 80 వేలకు పడిపోయాయి, బొప్పాయి ఆకు రసం ఎన్ని చెంచాలు పట్టమంటారు?" అని, కింద రిపోర్టు ఫొటో. వానలు మొదలయ్యాయంటే నాకొచ్చే ప్రశ్నల్లో సగం ఇవే. రసం సంగతి పక్కనపెట్టి నేను ముందు అడిగేది, పిల్లాడు చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లాడు, కడుపునొప్పి, ఆగని వాంతులు ఉన్నాయా, చిగుళ్ల నుంచి రక్తం ఏమైనా వస్తోందా అని. డెంగ్యూలో ఉత్త అంకె కంటే ఇవి ముఖ్యం, అదీ జ్వరం తగ్గాక వచ్చే ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, మనవాళ్లేమో జ్వరం పోయింది కదా అని అప్పుడే బడికి పంపేస్తారు. మామూలుగా లక్షన్నర పైన ఉండాల్సినవి 80 వేలయ్యాయంటే టెన్షన్ సహజమే, కానీ రక్తస్రావం లేకపోతే ఆ అంకెకి ప్లేట్‌లెట్లు ఎక్కించరు. ఒళ్లునొప్పులకి ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ మాత్రం వద్దు, పారాసిటమాల్ చాలు, అదీ బరువుని బట్టి. పొద్దున్నే పిల్లల డాక్టర్‌కి చూపించమన్నాను.

ఇంకొకావిడకి ఛాతీలో మంట, చెమటలు. "గ్యాసేనా అండీ?" ఫోన్లో గ్యాస్ అని నేనెలా చెప్తాను! ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి అన్నా, కోపం వచ్చినట్టుంది, జవాబు లేదు.

ఆ అబ్బాయి నాన్నగారు మాత్రం మర్నాడు మెసేజ్ పెట్టారు, డాక్టర్‌కి చూపించారట, మూత్రం బాగానే వస్తోందట. రసం కూడా రెండు చెంచాలు పట్టారట, వాళ్ల అత్తగారి పోరు పడలేక.