పలక ఆగి కుంచె మొదలైన చోట

రాజమండ్రి నుంచి రాత్రంతా ప్రయాణించి మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌లో దిగి, మదీనా చౌరస్తాకు రమ్మని ఆటో పిలిస్తే, అతను మీటరు మాట ఎత్తకుండానే నూట యాభై రూపాయలన్నాడు. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే వచ్చేసే దూరానికి అంత సమర్పించుకోవడానికి మనసొప్పక, చిరాకుతోనే నడక మొదలుపెట్టాను. ఆ చిరాకే మేలు చేసింది. పాతికసార్లు ఆ వంతెన మీదుగా వెళ్లినా, ఉస్మానియా ఆసుపత్రినీ, ఆవలి ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన హైకోర్టు గుమ్మటాలనూ నిలబడి చూసింది అదే మొదటిసారి. ఈ రెండూ 1908 సెప్టెంబరు నాటి మూసీ వరద తర్వాత లేచిన కట్టడాలే.

నేను వెళ్లింది మాత్రం ఆ వరదను చూసిన కట్టడానికి. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కట్టించిన బాద్‌షాహీ ఆశూర్‌ఖానా అది, మొహర్రం సంతాపానికి షియాలు చేరే మందిరం. బయటి రద్దీలో దాని ద్వారం కనబడనే కనబడదు. అడిగిన ఇద్దరూ నన్ను చార్మినార్ వైపే పంపారు.

ఆసఫ్‌జాహీల కాలంలో చేర్చిన కొయ్య స్తంభాల మండపం దాటి లోపలి గోడ ముందు నిలబడితే, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు ఒక్కసారిగా కళ్ల మీద పడ్డాయి. అవి పలకల మీద గీసిన బొమ్మలు కావు. రంగు మెరుగుపెట్టిన పలకలను ఆకుకు ఆకుగా, రేకుకు రేకుగా కోసి, ముక్క పక్కన ముక్క పొదిగిన పారశీక పనితనం. మొహర్రంలో నిలిపే పీర్ల ఆకారాలు ఆ ముక్కలతోనే గోడ మీద జ్వాలల్లా లేచాయి.

కింది భాగం దగ్గర ఏదో తేడా అనిపించింది. రంగులూ నమూనా అవే, మెరుపే లేదు. అక్కడున్న పెద్దాయన, "ఇట్ల పక్కకొచ్చి చూడుర్రి సార్, తెలుస్తది" అన్నారు. పక్కవాటంగా చూస్తే, పైన ముక్కకూ ముక్కకూ మధ్య వెంట్రుకవాసి అతుకు కనిపించింది. కింద ఆ అతుకే లేదు, గచ్చు మీద కుంచె ఆగకుండా సాగిపోయింది. మూసీ నీరు పాడుచేసిన పలకల స్థానంలో, వాటిని పోలిన రంగులే పూశారన్నమాట. దాన్ని నకిలీ అనడానికి నాకు నోరు రాలేదు. పై తీగ ఎక్కడ తెగిందో అక్కడి నుంచే కింది తీగను అందుకున్నాడు ఆ చిత్రకారుడు.

లంకలో మా తాతగారి ఇంటికి 1986 గోదావరి వరదలో సున్నపు గోడలు నడుము ఎత్తున ఊడిపోతే, కింద సిమెంటు మెత్తించి, రెండూ కలిసే చోట తాతగారు నీలిమందుతో ఏడాది రాసి పెట్టుకున్నారు. చిన్నప్పుడు ఆ గీతకు ఆనుకుని నిలబడి మా ఎత్తులు కొలుచుకునేవాళ్లం. ఇల్లు చేతులు మారాక, కొనుక్కున్నవాళ్లు ఆ గోడ పొడవునా చలువరాతిని పోలిన పెద్ద పలకలు అతికించారు. నీరు ఎంతవరకు వచ్చిందో ఇప్పుడు ఆ గోడను చూసి ఎవరూ చెప్పలేరు.