పిడుదు పీకేశాక పని సగమే అయినట్టు

కుక్క ఒంటి మీద పిడుదు కనిపిస్తే చాలామంది వేళ్లతో నలిపేస్తారు, లేదంటే కిరోసిన్ పూస్తారు. రెండూ వద్దు. చిన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి, పిడుదు తలకు దగ్గరగా పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. పొట్ట దగ్గర పట్టుకుంటే దాని లోపలి ద్రవం గాయంలోకి పోవచ్చు. చెవి మడతలు, కాలివేళ్ల సందులు, మెడపట్టీ కింద తప్పక వెతకండి.

అసలు తిప్పలు ఇంట్లోనే. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలి, గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే పక్కబట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి, పగుళ్లు పూడ్చాలి.

మెడ మీద వేసే చుక్కల మందు బొచ్చు మీద పడితే దండగే. భుజాల మధ్య బొచ్చు పాయ తీసి, చర్మం మీదే వేయాలి. దానికి రెండు రోజులు ముందూ తర్వాతా స్నానం వద్దు. పెర్మెత్రిన్ అనే పురుగుల్ని చంపే రసాయనం ఉన్న కుక్కల మందు పిల్లికి ప్రాణాంతకం, దయచేసి ఇది మరవకండి.

ఇక కుక్క మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కదులుతుంటే అవి బద్దెపురుగు ముక్కలు. ఆ పురుగు ఎక్కువగా ఫ్లీలను (బొచ్చులో గెంతుతూ రక్తం పీల్చే చిన్న కీటకాలను) మింగడం వల్లే వస్తుంది కాబట్టి, ఫ్లీలను వదిలేసి మాత్ర మాత్రమే వేస్తే మళ్లీ వస్తుంది. కుక్కపిల్లలకు రెండో వారం నుంచే, రెండు వారాలకోసారి నులిపురుగుల మందు మొదలుపెడతారు. మోతాదు మాత్రం ఆ రోజు తూచిన బరువును బట్టే.