డ్రాబ్యాక్ పడిందా?

నెలాఖరు దగ్గరపడితే మా ఆఫీసులో అందరి నోటా ఇదే మాట. పడిందంటే అకౌంట్స్ సెక్షన్‌లో టెన్షన్ సగం తగ్గినట్టే. భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంటులో డాక్యుమెంటేషన్ పని నాది. కంటెయినర్ విశాఖ పోర్టుకు బయల్దేరే లోపు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, హెల్త్ సర్టిఫికెట్, షిప్పింగ్ బిల్లు (ఎగుమతి కోసం కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం) అన్నీ సరిచూసుకోవాలి.

ఈమధ్య బీకామ్ పూర్తిచేసి మా దగ్గర చేరిన ఒక అమ్మాయి షిప్పింగ్ బిల్లు చూస్తూ, "మేడమ్, ఇక్కడ డ్రాబ్యాక్ అని ఉంది, సరుకులో లోపాలేమైనా ఉంటే రాయాలా?" అని అడిగింది.

"కాదమ్మా, అది మనకి తిరిగి రావాల్సిన డబ్బు" అన్నాను. తను నమ్మలేనట్టు చూసింది. కాలేజీలో డ్రాబ్యాక్ అంటే డిసడ్వాంటేజ్ అని ఒక్క ముక్కలో చెప్పేసి ఉంటారు. ఆ పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్నే. అందుకే తనకి చెప్పినదాన్ని ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

వెనక్కి లాగడం అన్నదే ఈ మాటకు మూలం. ఏది వెనక్కి లాగుతున్నాం అన్నదాన్ని బట్టి అర్థం రెండు దారులు పట్టింది. కట్టిన సుంకాన్ని ఖజానా నుంచి వెనక్కి తెచ్చుకోవడం ఒకటి. ఈ వాడుక ఇంగ్లీషులో పదిహేడో శతాబ్దం నుంచే ఉంది. ఆడమ్ స్మిత్ 1776లో ప్రచురించిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’లో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. వర్జీనియా, మేరీల్యాండ్‌ల నుంచి బ్రిటన్ ఏటా కొనే పొగాకు 96,000 పీపాలైతే, ఆ దేశానికి కావాల్సింది 14,000 పీపాలకు మించదని అదే పుస్తకంలో మరోచోట రాశాడు. మిగిలినదంతా మళ్లీ బయటి దేశాలకు అమ్ముకోవాల్సిందే. దిగుమతప్పుడు కట్టిన సుంకం తిరిగి చేతికి రాకపోతే ఆ వ్యాపారం నిలబడదు. పొగాకు వ్యాపారం తెలిసిన గుంటూరు వాళ్లకి ఈ లెక్క నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఇది 1962 కస్టమ్స్ చట్టంలో ఉంది. దిగుమతి చేసుకున్న సరుకునే తిరిగి బయటికి పంపితే 74వ సెక్షన్. దిగుమతి సామగ్రి వాడి ఇక్కడ తయారుచేసిన వస్తువును పంపితే 75వ సెక్షన్. మేం వాడేది రెండోది. ఏ వస్తువులో ఎంత దిగుమతి సుంకం కలిసి ఉంటుందో ప్రభుత్వం సగటున లెక్కగట్టి రేట్ల పట్టిక ఇస్తుంది. విడిగా అర్జీ పెట్టక్కర్లేదు, కంప్యూటర్‌లో వేసే షిప్పింగ్ బిల్లే అర్జీ. అర్జీ పడిన నెలలోపు డబ్బు ఇవ్వకపోతే వడ్డీతో ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. మన సరుకు పన్ను మోసుకుంటూ పరాయి మార్కెట్‌కి వెళ్లకూడదన్నది దీని వెనక ఉన్న ఆలోచన. నాకు ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది.

రెండో దారి మనందరికీ తెలిసిందే. ముందుకు పోవాల్సినదాన్ని వెనక్కి లాగేది. "ఇల్లు బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి, ఒక్కటే డ్రాబ్యాక్, వేసవిలో నీళ్లు రావు" అంటాం. "అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది" అన్న సామెతలో శని ఉన్నచోటే ఈ మాటా ఉంటుంది. అంటే మిగతాదంతా బాగుండాలి. పునాదే కుంగిన ఇంటికి డ్రాబ్యాక్ ఉందనడం సరికాదు. పెళ్లి సంబంధాల్లో పిల్ల రంగునో, నడకనో పట్టుకుని "అదే డ్రాబ్యాక్ అండీ" అంటుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. మనిషి ఒంటికి వాడాల్సిన మాట కాదది.

డిసడ్వాంటేజ్ సంగతి వేరు. దానికి పక్కన ఇంకొకరు ఉండాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అప్పుడు ఈక్వడార్‌కి 15 శాతమే. పైగా వాళ్లకి అమెరికా దగ్గర. మన రొయ్యలో లోపం ఏమీ లేదు, చెరువు దగ్గర రైతు పడే కష్టమూ తగ్గలేదు. అయినా పోటీలో వెనకబడ్డాం. అది డిసడ్వాంటేజ్. దాన్ని డ్రాబ్యాక్ అంటే తప్పంతా మన సరుకులోనే ఉందన్నట్టు అవుతుంది.

నన్ను నిజంగా బాధపెట్టిన విషయం ఇంకోటుంది. ఈ గొడవకంటే ముందే, 2024 చివర్లో అమెరికా మన రొయ్యల మీద కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ, అంటే సబ్సిడీకి విరుగుడుగా వేసే అదనపు సుంకం, వేసింది. భారత ప్రభుత్వం ఎగుమతిదారులకు సబ్సిడీ ఇస్తోందన్నది వాళ్ల వాదన. ఆ సబ్సిడీల లెక్కలో మా డ్రాబ్యాక్‌నూ కలిపేశారు. కట్టిన పన్ను తిరిగి తీసుకోవడం సాయం ఎలా అవుతుంది? మనది సగటు లెక్క కాబట్టి ఎవరు ఎంత సుంకం కట్టారో విడివిడిగా చూపించలేరని వాళ్లు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ చిన్న ప్లాంటువాడు ప్రతి గోనెకీ, ప్రతి అట్టపెట్టెకీ దిగుమతి కాగితాలు ఎక్కడి నుంచి తెస్తాడు?

కొత్తగా ఎగుమతి మొదలుపెట్టేవాళ్లకి నా మనవి ఒకటే. పేరు చూసి షిప్పింగ్ బిల్లులో డ్రాబ్యాక్ గడి ఖాళీగా వదిలేయకండి. మీ సరుకుకి పట్టికలో రేటుందో లేదో సీహెచ్ఏని (మన తరఫున కస్టమ్స్ పనులు చూసే ఏజెంటుని) అడిగి కనుక్కోండి. ఓడ వెళ్లాక ఈజీఎం (ఓడలో వెళ్లిన సరుకుల జాబితా) సరిగ్గా ఫైలయిందో లేదో చూసుకోండి, అక్కడ నంబరు తప్పితే డబ్బు ఆగిపోతుంది. బయటి కొనుగోలుదారు గడువులోపు డబ్బు పంపకపోతే తీసుకున్న డ్రాబ్యాక్‌ని వడ్డీతో సహా వెనక్కి కట్టాల్సి వస్తుంది. అందుకే డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే రియలైజేషన్ సర్టిఫికెట్లు షిప్పింగ్ బిల్లు నంబరు వారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి.