సీఓపీడీలో ఆయాసం: పీల్చడం కంటే వదలడం ముఖ్యం

సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న మనిషికి ఆయాసం రాగానే పక్కనున్నవాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. ఆ మాట వింటే ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట, కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఊపిరితిత్తుల్లో సన్నటి గాలిగొట్టాలు బిగువు పోయి ఉంటాయి. గాలి వదులుతుండగానే మూసుకుపోతాయి. పాత గాలి లోపలే చిక్కుకుంటుంది, కొత్త గాలికి చోటుండదు. అందుకే సాధన చేయాల్సింది వదలడం.

భుజాలు జారవిడిచి కూర్చోండి. నోరు మూసి, ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చండి. ఛాతీ నిండా లాగొద్దు. తర్వాత ఈల వేసేటప్పటిలా పెదాలు దగ్గరకు తెచ్చి, నాలుగు అంకెలసేపు నెమ్మదిగా వదలండి. ఎదుట అరచేయి పెడితే గాలి మెత్తగా తగలాలి. పెదాల దగ్గర ఆ కాస్త అడ్డు వల్లే లోపలి గొట్టాలు తెరుచుకుని ఉంటాయి. బలంగా ఊదితే మాత్రం ఛాతీలో ఒత్తిడి పెరిగి అవే గొట్టాలను బయటినుంచి నొక్కేస్తుంది. బుగ్గలు ఉబ్బినా, పొట్ట బిగిసినా బలం ఎక్కువైందని అర్థం. తల తిరిగితే వేగం ఎక్కువైనట్టు, ఆపేయండి. ఆయాసం లేనప్పుడే రోజూ కొన్ని నిమిషాలు చేస్తేనే అవసరానికి అలవాటుగా వస్తుంది.

మెట్ల దగ్గర దీని విలువ తెలుస్తుంది. నిలబడి పీల్చి, వదులుతూ రెండు మెట్లు ఎక్కి, మళ్లీ ఆగాలి. నీళ్ల బకెట్ ఎత్తేటప్పుడు చాలామంది ఊపిరి బిగబడతారు. ఎత్తే క్షణంలోనే వదలాలి. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించండి. ముఖానికి ఫ్యాన్ గాలి తగిలితే చాలామందికి హాయిగా ఉంటుంది.

పొట్టతో ఊపిరి తీసే పద్ధతి అందరికీ పడదు. జబ్బు ముదిరి డయాఫ్రం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే ఊపిరి కండరం) చదునైపోయినవాళ్లకు దాంతో శ్రమే పెరగొచ్చు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర చూపించుకున్నాకే మొదలుపెట్టండి. మందుల షాపుల్లో దొరికే మూడు బంతుల పరికరం ప్రధానంగా ఆపరేషన్ తర్వాత లోతుగా పీల్చడానికి ఉద్దేశించింది. సీఓపీడీలో అసలు ఇబ్బంది అది కాదు. కపాలభాతి, భస్త్రిక, కుంభకం సొంతంగా చేయొద్దని గట్టిగా చెబుతాం. వేగంగా ఊదినా, ఊపిరి బిగబట్టినా గాలి మరింత చిక్కుకుంటుంది.

కఫం ఉంటే గొంతు చించుకుని దగ్గక్కర్లేదు. మధ్యస్థంగా పీల్చి, నోరు బాగా తెరిచి "హా" అంటూ ఒకటి రెండుసార్లు వదిలి, నెమ్మదిగా ఊపిరి తీస్తూ సేద తీరాలి. గాలిగొట్టాలను తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ డాక్టర్ రాసి ఉంటే, దాన్ని పది పదిహేను నిమిషాల ముందు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంలాంటి డబ్బా) తీసుకుంటే కఫం తేలిగ్గా కదులుతుంది.

పెదాలు నీలిరంగుకు తిరిగినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, మత్తుగా తూలుతున్నా కసరత్తులు పక్కనపెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్లకు సీఓపీడీ ఉందని ముందే చెప్పండి. ఈ జబ్బులో రక్తంలో ఆక్సిజన్ శాతం సాధారణంగా 88–92 మధ్య ఉంచుతారు. 100కి చేర్చాలని ఆక్సిజన్ ఎక్కువ పెడితే కొందరి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని స్పృహ తప్పుతుంది.