బోయన్ రానన్నాడు

ఇంగ్లండ్‌లోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. మాలాగే చాలామంది ఆసుపత్రి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళు. పిల్లలు ఇక్కడి యాసతో, ఎరుపు తెలుపు చారల స్టోక్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బు జెర్సీల్లో పెరుగుతున్నారు. మావాడి ఫుట్‌బాల్ పిచ్చి వల్లే నాకు బోయన్ క్రికిచ్ ఎవరో తెలిసింది. 2014లో బార్సిలోనా క్లబ్బు నుంచి ఇక్కడికి వచ్చిన స్పెయిన్ ఫార్వర్డ్. ఆ డిసెంబర్‌లో ఆర్సెనల్‌ను 3-2తో ఓడించిన మ్యాచ్‌లో ఒక గోల్ అతనిది. మరుసటి నెలలోనే రోచ్‌డేల్‌తో ఆడుతూ మోకాలి లిగమెంట్ తెంచుకుని సీజనంతా పోగొట్టుకున్నాడు. 2023 మార్చిలో, 32 ఏళ్ళకే, ఆట మానేశాడు. నేను చెప్పాలనుకున్నది మాత్రం అతని పదిహేడో ఏడు గురించి.

బోయన్ కూడా వలస వచ్చిన తండ్రి బిడ్డే. తండ్రి పేరూ బోయన్ క్రికిచ్చే. సెర్బియా ఆటగాడు. స్పెయిన్‌లోని కాటలోనియాకు ఆడడానికి వచ్చి, అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. 1990లో లెయిదా దగ్గర లిన్యోలా అనే చిన్న ఊళ్ళో కొడుకు పుట్టాడు. 1999లో పిల్లవాణ్ణి బార్సిలోనా క్లబ్బు తీసుకుంది. 2007 సెప్టెంబర్ 16న ఒసాసునా మీద మొదటి జట్టుకు లీగ్ మ్యాచ్ ఆడేనాటికి అతనికి 17 ఏళ్ళ 19 రోజులు. మెస్సీ కూడా అక్కడ మొదటి లీగ్ మ్యాచ్ ఆడేనాటికి అంతకంటే పెద్దవాడు. ఆ సీజన్‌లో లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడు. ఇంకేం కావాలి? పత్రికలు 'కొత్త మెస్సీ' అనేశాయి. ఆ మాట అతని వెంట పదిహేనేళ్ళు నడిచింది.

2008 ఫిబ్రవరిలో స్పెయిన్ జాతీయ జట్టు నుంచి పిలుపు వచ్చింది. మలగాలో ఫ్రాన్స్‌తో స్నేహపూర్వక మ్యాచ్. బోయన్ ఆడలేదు. కడుపులో ఇన్ఫెక్షన్ అని ప్రకటించారు. అసలు జరిగింది యాంగ్జయిటీ అటాక్, అంటే మనసులోని భయం ఒక్కసారిగా ఒంటిని కమ్మేయడం. తల తిరగడం, వికారం, ఊపిరి అందకపోవడం. బయటి ప్రపంచానికి కడుపునొప్పి, లోపల వేరే. పదేళ్ళ తర్వాత, 2018లో, తనే ఒక ఇంటర్వ్యూలో ఇది బయటపెట్టాడు. చదువుతుంటే నాకు మన ఇళ్ళే కళ్ళముందు మెదిలాయి. పరీక్ష ముందురోజు గదిలోంచి బయటికి రాని పిల్ల గురించి చుట్టాలడిగితే మనం ఏం చెబుతాం? 'జ్వరమండీ' అంటాం. జ్వరమంటే ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు.

కొన్ని నెలలకు యూరప్ దేశాల కప్పు, యూరో 2008 వచ్చింది. కోచ్ లూయిస్ అరగోనెస్ అతన్ని తీసుకోవాలనుకున్నాడు. బార్సిలోనా కెప్టెన్ పుయోల్, నేను నీ పక్కనే ఉంటాను రా, అన్నాడు. మందులు వాడుతున్నాను, నా వల్ల కాదు అని కుర్రాడు చెప్పాడు. ఆనాటి పత్రికల్లో వచ్చింది మాత్రం దేశం పిలిస్తే బోయన్ కాదన్నాడన్న వార్త. జూన్ 29న వియన్నాలో తోరెస్ గోల్‌తో స్పెయిన్ కప్పు గెలిచింది. ఆ సెప్టెంబర్‌లో అర్మేనియా మీద బోయన్ జాతీయ జట్టుకు ఆడాడు. సీనియర్ జట్టుకు అతను ఆడింది ఆ ఒక్క మ్యాచే.

మావారు దీన్ని ఇంకోలా చూస్తారు. కాస్త ఓర్చుకుని వెళ్ళుంటే మెడల్ మెళ్ళో పడేది కదా అంటారు. ఆయన మాటలో కోపం లేదు, ఓర్చుకునే ఇంతదూరం వచ్చిన మనిషి. నేను ఒప్పుకోను. పదిహేడేళ్ళవాడు తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకుని, దేశమంతా చూస్తుండగా రానని చెప్పడం నా దృష్టిలో ఆ కుర్రాడి జీవితంలోకెల్లా పెద్ద ధైర్యం.

మన పిల్లలకు ఈ పోలికల బరువు రెండు వైపుల నుంచీ పడుతుంది. ఇక్కడ కోచ్ ఒక మాటంటాడు. తెనాలిలో చుట్టాల వాట్సాప్ గ్రూపులో మావాడి గోల్ వీడియో పడగానే 'మన ఇంటి మెస్సీ' అని వరసగా మెసేజీలు. ఆ వెంటనే ఎవరో ఒకరు, బావగారబ్బాయికి ఐఐటీలో సీటొచ్చిందట, ఆట సరే మరి చదువో అంటారు. అందరూ ప్రేమతోనే అంటారు. పిల్లవాడికి మాత్రం మెస్సీతోనూ, ఐఐటీ అన్నయ్యతోనూ ఒకే పూటలో పోటీ.

ఒక ఆదివారం పొద్దున మావాణ్ణి మ్యాచ్‌కి తీసుకెళ్ళాను. గ్రౌండ్ పక్కన కారాపితే వాడు దిగలేదు. సీటు బెల్టు అలాగే ఉంది. బూటు లేసు కడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ కడుతున్నాడు. చేతులు మంచులా ఉన్నాయి. "కడుపులో తిప్పుతోందమ్మా, వెళ్ళలేను" అన్నాడు. సరే నాన్నా అని అక్కణ్ణుంచే కోచ్‌కి ఫోన్ చేసి, భయం పట్టుకుంది, ఇవాళ ఆడడు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మంచి మనిషి, ఇంకో మాట అడగలేదు.

సాయంత్రం వీడియో కాల్‌లో అత్తయ్య మ్యాచ్ సంగతడిగింది. మావారు పక్కనుంచి జ్వరమని చెప్పమని సైగ చేశారు. "ఆడలేదత్తయ్యా. గ్రౌండ్ దాకా వెళ్ళాక భయమేసి కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. దిష్టి తగిలుంటుంది, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడెయ్యమంది. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ఉద్యోగంలో కొత్త ఊరికి బదిలీ అయిన ప్రతిసారీ మావయ్యగారికి రాత్రిళ్ళు గుండె దడ వచ్చేదట, పొద్దున్నే ఎవరికీ తెలియకుండా ఆఫీసుకెళ్ళిపోయేవారట. మావారికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి ఆయన చాలాసేపు వాడి గదిలో కూర్చున్నారు. ఉప్పూ తిప్పాం, ఆ వారంలోనే మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గరికీ వెళ్ళాం. బళ్ళో కౌన్సెలర్‌తో మాట్లాడే ఏర్పాటు అక్కణ్ణుంచి జరిగింది. ఇక్కడ ఈ సౌకర్యం ఉంది. తెలుగువాళ్ళు వాడుకోవాలి, నలుగురేమనుకుంటారోనని ఆగొద్దు.

బోయన్ విఫలమయ్యాడని రాసేవాళ్ళను చూస్తే నాకు బాధ. బార్సిలోనాతో మూడు లీగ్ టైటిళ్ళు, యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో రెండు కప్పులు. తర్వాత ఇటలీ, నెదర్లాండ్స్, ఇంగ్లండ్, జర్మనీ, కెనడా, చివరికి జపాన్‌లో కోబె. మెస్సీ పక్కన పెట్టి కొలిస్తే తక్కువే. అలా కొలిస్తే నిలిచేవాళ్ళు ఎంతమంది? ఆట మానేశాక బార్సిలోనా క్లబ్బులోనే ఫుట్‌బాల్ విభాగంలో పనికి చేరాడు.

అదే క్లబ్బులో ఇప్పుడు లమీన్ యమాల్ ఉన్నాడు. తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. పదిహేనేళ్ళకే మొదటి జట్టుకు ఆడాడు, పదిహేడు నిండిన మర్నాడు యూరో 2024 కప్పు ఎత్తాడు. మావాడి గదిలో పోస్టర్ అతనిదే. అతను ఆడుతుంటే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది, వెంటనే గుండె బరువెక్కుతుంది కూడా, ఆ పిల్లవాణ్ణీ కొత్త మెస్సీ అంటున్నారు కనక. ఆ కుర్రాడికి రానని చెప్పే వీలుందా, చెబితే వినేవాళ్ళున్నారా అని చూస్తుంటాను.

మావాడు మళ్ళీ ఆడుతున్నాడు, అకాడమీలో కాదు, బళ్ళో స్నేహితుల జట్టులో. కిందటిసారి తెనాలి వెళ్ళినప్పుడు పక్కింటాయన "ఏరా యమాల్, ఎప్పుడొచ్చావ్?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య వాడి పేరు పలికి, మనవణ్ణి ఆ పేరుతోనే పిలవమని ఆయనకు నెమ్మదిగానే చెప్పింది.