ఒకే చెరువు, రెండు తూములు

వంటగది, మంచాలు ఉన్న క్యాంపర్ బండి తాళాలు ఇచ్చే ముందు అద్దె సంస్థ అమ్మాయి మమ్మల్ని దాని చుట్టూ తిప్పి గంటసేపు అన్నీ వివరించింది. గ్యాస్ ఎక్కడ కట్టాలి, జనరేటర్ ఎలా నడపాలి, మీట నొక్కి గోడను బయటికి జరిపి గదిని ఎలా వెడల్పు చేసుకోవాలి, అన్నీ చెప్పింది. మా ఆయన ఫోనులో వీడియో తీసుకుంటున్నారు. పిల్లలిద్దరూ అప్పటికే డ్రైవరు తల మీదుగా ఉండే అటక మంచం ఎక్కి కూర్చున్నారు. నాన్న అంతా చూసి ఒక్క మాట అడిగారు.

"నీళ్లెన్ని పడతాయమ్మా?"

కనుక్కుని చెప్పాను. నలభై గ్యాలన్లు, అంటే దాదాపు 150 లీటర్లు.

"ఆరుగురికి, రోజుకా?"

"రోజుకు కాదు నాన్నా, మళ్లీ నింపుకునే చోటు దొరికేదాకా."

ఆయన అమ్మ వైపు చూశారు. ఆ సాయంత్రం సామాను సర్దుతుంటే, ఎవరూ చెప్పకుండానే అమ్మ రెండు స్టీలు చెంబులు, ఒక బేసిన్ తెచ్చి సింకు కింద పెట్టింది.

మేము అమెరికాలో, సాల్ట్ లేక్ సిటీలో ఉంటాం. అమ్మానాన్నలది ఖమ్మం జిల్లా, సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం. ఇంతకుముందు వచ్చినప్పుడు వాళ్లను కారులో తిప్పాం, హోటళ్లలో ఉంచాం. రెండో రోజుకే అమ్మకు తిండి సయించేది కాదు. గంటగంటకూ ఆగి బాత్‌రూమ్ వెతకాలంటే నాన్నకు మొహమాటం. ఈసారి ఇల్లే వెంట తీసుకుపోదామనుకున్నాం. జూలై మధ్యలో ఏడు రోజులు, ఇరవై ఎనిమిది అడుగుల బండి. బేర్ లేక్ మీదుగా గ్రాండ్ టీటన్, అక్కడి నుంచి ఎల్లోస్టోన్. క్యాంపు స్థలాలు నెలల ముందే దొరకబుచ్చుకున్నాం. వేసవిలో అప్పటికప్పుడు వెళితే చోటు దొరకడం కష్టం.

లోగన్ లోయ మలుపుల్లో మొదట తెలిసినది, ఇల్లు కదిలితే ఎంత చప్పుడు చేస్తుందో. పళ్లేలు, గరిటెలు, మూతలు అన్నీ ఒకేసారి మోగాయి. అమ్మ లేవబోతే నాన్న బెల్టు తీయవద్దని వారించారు. బండి ఆపగానే ఆమె తన పాత నేత చీర ఒకటి తీసి, మడతలుగా పళ్లేల మధ్య దూర్చింది. ఆ తరువాత ఏడు రోజులూ వంటగది నోరెత్తలేదు.

లోయ దాటి కొండ మీద మలుపు తిరిగేసరికి కింద బేర్ లేక్ కనిపించింది. సగం యూటాలో, సగం ఐడహోలో ఉంటుంది ఆ సరస్సు. దాని నీలం మామూలు నీలం కాదు, నెమలి మెడ మీద ఎండ పడినప్పటి రంగు. నీళ్లలో తేలాడే సున్నపురాతి నలుసులు వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ రంగు వస్తుంది. ఒడ్డున ఆగి పిల్లలకు రాస్ప్‌బెర్రీ షేక్ కొనిచ్చాం, ఆ రాత్రి అక్కడే ఉన్నాం. అక్కడ నీళ్లకూ కరెంటుకూ గొట్టాలు, తీగలు తగిలించుకునే ఏర్పాటు ఉంది కాబట్టి ట్యాంకు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మర్నాడు జాక్సన్ దాటగానే టీటన్ పర్వతాలు ఎదురయ్యాయి. కొండలకు ముందు గుట్టలుంటాయి, గుట్టలకు ముందు ఎత్తుపల్లాల నేల ఉంటుంది. ఇక్కడ అవేమీ లేవు. చదునైన గడ్డిమైదానం అంచు నుంచి గోడ లేచినట్టు దాదాపు 7,000 అడుగులు నిటారుగా లేస్తాయి. అన్నిటికన్నా ఎత్తయిన గ్రాండ్ టీటన్ శిఖరం 13,775 అడుగులు. భూమిలో పెద్ద పగులు వెంట ఒక పక్క కొండ పైకి లేస్తూ, ఇంకో పక్క లోయ కిందికి కుంగుతూ వచ్చింది. రాకీ పర్వతాల్లో ఇవే పిన్నవి, కోటి సంవత్సరాలు కూడా నిండనివి. వయసు తక్కువ కాబట్టే అంచులు ఇంకా అరగలేదు. జూలైలో కూడా చీలికల్లో మంచు తెల్లగా మెరుస్తోంది.

ఆ రాత్రి కోల్టర్ బేలో దిగాం. చుట్టూ దేవదారు చెట్లు, చెట్ల సందుల్లోంచి జాక్సన్ సరస్సు. మాకు దొరికిన స్థలంలో కుళాయి లేదు, కరెంటు లేదు. మా అబ్బాయి ఇంట్లో అలవాటు ప్రకారం పది నిమిషాలు స్నానం చేసి బయటికి వచ్చాడు. గోడ మీద ట్యాంకు మట్టం చూపే నాలుగు దీపాల్లో రెండు ఆరిపోయాయి. ఇంకా ఐదుగురం ఉన్నాం, వంట కాలేదు.

వాడిని ఎవరూ తిట్టలేదు. అమ్మ మాత్రం మర్నాటి నుంచి నీళ్ల పెత్తనం తీసుకుంది. బియ్యం కడిగిన నీళ్లు బేసిన్‌లోకి, ఆ నీళ్లతో గిన్నెల మొదటి కడుగు, పైన ఒక్క చెంబు మంచినీళ్లతో తొలపడం. స్నానానికి మనిషికి నాలుగు చెంబులు. ఆమె చిన్నప్పుడు ఊరి బావి నుంచి రెండు బిందెలు మోసుకొచ్చి ఇల్లంతా గడిపిన మనిషి. ఆమె చేతిలో నీళ్లు కూరలో ఉప్పులా కొలతగా పడేవి. రెండో రోజు సాయంత్రానికి ఇంకొక్క దీపం కూడా ఆరలేదు. అమెరికాలో పుట్టిన నా పిల్లలు చెంబు ఎలా పట్టుకోవాలో అక్కడ, 6,800 అడుగుల ఎత్తున, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నారు. అది చూసి నాకు కలిగిన సంతోషం ఏ శిఖరం చూసినా కలగలేదు.

కోల్టర్ బే నుంచి బయలుదేరే ముందు మురుగునీటి ట్యాంకులు ఖాళీ చేయాలి. లావుపాటి గొట్టాన్ని బండి అడుగున బిగించి, రెండో కొసను నేలలోని రంధ్రంలో పెట్టి మీట లాగాలి. మా ఆయన చేతి తొడుగులు వేసుకుని మోకాళ్ల మీద కూర్చోగానే నాన్న ముఖం మారిపోయింది. "అల్లుడుగారు, లేవండి, నేను చేస్తాను" అంటూ లుంగీ ఎగగట్టారు. ఆయన కళ్లలో నిజమైన బాధ. అల్లుడి చేత అటువంటి పని చేయించడం మా ఇళ్లలో ఊహకు అందని విషయం. "మామయ్యా, ఇది మన ఇల్లే కదా, ఇందులో తప్పేముంది" అని మా ఆయన నవ్వారు. చివరికి ఇద్దరూ కలిసి చేశారు. ముందు మరుగుదొడ్డి ట్యాంకు వదిలి, తరువాత సబ్బునీళ్ల ట్యాంకు వదిలితే గొట్టం దానంతటదే కడిగినట్టవుతుంది. అది విన్నాక నాన్న, "ఎగువ మడవ ముందు, దిగువ మడవ తరువాత, అంతే కదా" అన్నారు. ఆ పూట నుంచి ఆ పని వాళ్లిద్దరిదీ అయింది. పదహారేళ్ల పెళ్లిలో వాళ్లిద్దరూ అంతసేపు కబుర్లు చెప్పుకోగా నేను చూడలేదు.

ఎల్లోస్టోన్‌ను చాలామంది రెండు రోజుల్లో చుట్టేస్తారు. అలా చేయవద్దని ఎవరు అడిగినా చెబుతాను. 1872లో ప్రపంచంలోనే మొట్టమొదటి జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ చోటు దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. పరుగెత్తితే వేడినీటి బుగ్గలు గుర్తుంటాయేమో గానీ అడవి గుర్తుండదు. మేము బ్రిడ్జ్ బేలో మూడు రాత్రులు ఉన్నాం. ఎల్లోస్టోన్ సరస్సు ఒడ్డున, 7,700 అడుగుల పైచిలుకు ఎత్తులో. జూలైలో కూడా రాత్రి దుప్పట్లు చాలవు. ఆ ఎత్తున నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే కందిపప్పు ఒక పట్టాన ఉడకదు.

మొదటి ఉదయం అమ్మ చల్ల మిరపకాయలను పళ్లెంలో పోసి బయట బల్ల మీద ఎండకు పెట్టింది. పావుగంటలో రేంజర్ వచ్చి మర్యాదగా లోపల పెట్టమన్నారు. మనుషుల తిండికి అలవాటు పడిన ఎలుగుబంటికి భయం పోతుంది, భయం పోయిన ఎలుగును చివరికి చంపాల్సి వస్తుంది. నేను అనువదించి చెప్పగానే అమ్మ నొచ్చుకుంది. "మన ఊళ్లో కోతులకు అరటిపళ్లు పెట్టి చెడగొట్టింది మనమే కదా" అని పళ్లెంతో పాటు ఆవకాయ జాడీ కూడా లోపలి అరలో పెట్టి తలుపు బిగించింది.

వెస్ట్ థంబ్ దగ్గర పొగలు కక్కే గుండాలు సరిగ్గా సరస్సు అంచునే ఉన్నాయి. ఇటు మరిగే నీళ్లు, అటు మంచు కరిగిన నీళ్లు, మధ్య జానెడు గట్టు. గంధకం వాసనకు పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అమ్మ మాత్రం చెక్కబాట కమ్మీ పట్టుకుని కదలకుండా నిలబడింది. భద్రాచలం పక్కన గుండాలలో, గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. తన చిన్నతనంలో శ్రీరామనవమికి వెళ్లినప్పుడు వాళ్ల అమ్మ అక్కడ ఇసుకలో గుంట తీసి చేతులు కడిగించిందట. "ఇన్నేళ్లకు మళ్లీ ఆ ఆవిరి" అంది. ఇక్కడ నీళ్లను ముట్టుకోకూడదు. ఆమె అరచేతిని ఆవిరి వైపు చాపి కాసేపు అలాగే ఉంచింది.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ గురించి అందరూ రాస్తారు. సుమారు గంటన్నరకు ఒకసారి, చెప్పిన వేళకు కాస్త అటూ ఇటూగా ఎగజిమ్ముతుంది, మాకూ ఎగజిమ్మింది. నన్ను కట్టిపడేసింది గ్రాండ్ ప్రిస్మాటిక్ గుండం. పొద్దున్నే వెళితే చలికి ఆవిరి కమ్మేసి రంగులే కనబడలేదు. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి, ఇంత పొడవు బండికి చోటు దొరికేదాకా ఓపిక పట్టి, ఎదుటి గుట్ట మీదికి ఎక్కాం. అమ్మ చీర మీద స్వెటర్, కాళ్లకు నా బూట్లు. పైనుంచి చూస్తే వంద మీటర్లకు పైగా వెడల్పున్న కన్ను. నడుమ నీలం, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, అంచున కుంకుమ. నడుమ నీళ్లు జీవులు బతకలేనంత వేడి కాబట్టి అక్కడ నీలం. అంచులకు పోయేకొద్దీ చల్లబడి, ఒక్కో వేడికి ఒక్కో రకం సూక్ష్మజీవుల పొర పరుచుకుని ఆ రంగులిస్తుంది. ఇక్కడి వేడినీళ్లలోనే 1960లలో థామస్ బ్రాక్ కనుగొన్న బాక్టీరియా నుంచి పీసీఆర్ పరీక్షకు కావలసిన ఎంజైమ్ వచ్చిందని మా అమ్మాయి చదివి చెప్పింది. కోవిడ్ రోజుల్లో నాన్నకు చేసిన పరీక్ష ఆ పద్ధతిదే. అప్పుడు మేము ఇక్కడ మా ఇంట్లో ఫోను పట్టుకుని ఫలితం కోసం రాత్రంతా కూర్చున్నాం. ఆ మాట విని నాన్న గుండానికి చేతులు జోడించారు.

పక్కనున్న ఎక్సెల్సియర్ గుండం నుంచి నిమిషానికి 15,000 లీటర్ల వేడినీళ్లు ఫైర్‌హోల్ నదిలోకి దిగుతున్నాయి. నాన్న ఫోనులో లెక్క కట్టించారు. దాదాపు తొమ్మిది క్యూసెక్కులు. "పిల్లకాలువ నిండుగా పారినట్టు" అన్నారు, మెట్ల మీద నుంచి జారే ఆ నీటిని చూస్తూ.

హేడెన్ లోయలో రాకపోకలు ఆగిపోయాయి. అడవిదున్నల మంద రోడ్డు దాటుతోంది. పుట్టినప్పటి ఎరుపు ఇంకా పూర్తిగా పోని దూడలు తల్లుల పొట్టల కింద దూరుతున్నాయి. ఒక పెద్ద మగది మా బండి పక్కనే, కిటికీకి చేరువగా నడిచింది. మూపు మీద పాత చలికాలపు ఊలు పీలికలై వేలాడుతోంది, గడ్డానికి బురద ఎండి గడ్డకట్టింది, ముక్కు నుంచి వచ్చే శ్వాస అద్దానికి పట్టినట్టే అనిపించింది. గేదెలతో జీవితం గడిపిన నాన్న గుసగుసగా అన్నారు, "కడుపు నిండిన నడక". 1900 ప్రాంతంలో వేటగాళ్ల తుపాకుల తరువాత ఈ పార్కులో మిగిలినవి రెండు డజన్లే. ఇప్పుడు మా ముందు రోడ్డు దాటినవే అంతకంటే ఎక్కువ. నలభై నిమిషాలు ఆగాం. ఎవరూ హారన్ కొట్టలేదు.

తిరుగు ప్రయాణంలో నాన్న కోసం ఒకచోట తప్పక ఆగాలనుకున్నాం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్‌కు వెళ్లినప్పుడు దారిలో క్రేగ్ కనుమ దగ్గర ఒక బోర్డు చూసి ఇదేమిటని అడిగారు, అప్పుడు ఆగడం కుదరలేదు. అది ఈసా సరస్సు. సరస్సన్నది పెద్ద మాట, మన కుంట అంత ఉంటుంది. 8,262 అడుగుల ఎత్తున, ఖండాన్ని రెండుగా చీల్చే నీటి గట్టు మీద కూర్చుంది. ఆకులు పరుచుకుని, మధ్యమధ్య పసుపు కలువలు. మంచు కరిగే కాలంలో దీని నీళ్లు రెండు వైపులకూ దిగుతాయి. తూర్పు కొసన దిగినవి స్నేక్, కొలంబియా నదుల్లో కలిసి పడమటనున్న పసిఫిక్‌కు పోతాయి. పడమటి కొసన దిగినవి ఫైర్‌హోల్, మిస్సోరి, మిసిసిపీల వెంట గల్ఫ్ ఆఫ్ మెక్సికోకు చేరతాయి.

నాన్న రోడ్డుకు ఈ పక్కన ఒకసారి, ఆ పక్కన ఒకసారి నిలబడి చూశారు. చిన్నప్పుడు ఊరి చెరువుకు రెండు తూములుండేవట. ఏ తూము ముందు ఎత్తాలో నీరటి చెప్పేవాడు. కరువు ఏడాదిలో రాత్రి పూట తూము దగ్గర కాపలా పడుకునేవారు, అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేవారు. "ఇంత చిన్న కుంట, రెండు సముద్రాలకు పెడుతోంది" అన్నారు. తరువాత బండి ఎక్కేదాకా మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు.

ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది. పొద్దున్నే బండి అప్పగించాలి, ట్యాంకు ఖాళీగా ఉండాలి. అమ్మ మట్టం మీట నొక్కి చూసింది. రెండు దీపాలు వెలిగాయి. నాన్న అప్పటికే పెరట్లోకి గొట్టం లాగి, సెల్‌ఫోను వెలుతురులో గోంగూర మడికి కాలితో చిన్న గట్టు తీస్తున్నారు.

"వదలమ్మా" అన్నారు. "మెల్లగా వదులు."