పిట్టను బట్టి పెట్టె: కంజు, ఫెజెంట్ వంటి పక్షుల గుడ్లకు ఇంక్యుబేటర్ ఎంపిక

ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లను వేడితో పొదిగించే పెట్టెలో, నేను మొట్టమొదట పొదగవేసిన కంజు పిట్టల గుడ్లు 16వ రోజు తెల్లవారుజామునే పగలడం మొదలుపెట్టాయి. జపనీస్ కంజు పిల్ల బయటికి రావడానికి 17 నుంచి 18 రోజులు పట్టాలి. ఒక రోజు ముందే వచ్చాయని ఆ పూట ఎంతో సంతోషించాను. అయితే ఒక మూలన ఉన్న గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను అరచేతిలోకి తీసుకుని వెల్లకిలా తిప్పి చూస్తే, వాటి బొడ్డు ఇంకా మూసుకోలేదు. పొట్ట కింద ఎర్రటి పచ్చిదనం, దాని చివర ఎండిపోయిన సన్నని నరం కనిపించాయి. బొటనవేలి పై కణుపంత ఉన్న ఆ పిల్లల్లో నాలుగు సాయంత్రానికే చనిపోయాయి. పెట్టె ముందున్న తెర మాత్రం అన్ని రోజులూ 37.5 డిగ్రీలే చూపించింది. పెట్టె ఖాళీ అయ్యాక, జ్వరం చూసే థర్మామీటరును గుడ్లు ఉన్న ఎత్తులో ఒక్కో మూలా ఉంచి చూశాను. ఒక మూల 38.7, ఎదుటి మూల 37.1. అప్పటి నుంచి ఇంక్యుబేటర్ కొనేముందు నేను అడిగే ప్రశ్నలే మారిపోయాయి. ఎన్ని గుడ్లు పడతాయన్నది చివరికి పోయి, గుడ్డు ఉన్నచోట వేడి ఎంత, అది ఎంత నిలకడగా ఉంటుందన్నది ముందుకు వచ్చింది.

అంతకంటే ముందు తేల్చుకోవలసినది ఏ పిట్టను పెంచబోతున్నామన్నది. జపనీస్ కంజు గుడ్డు సుమారు 10 నుంచి 12 గ్రాములు ఉంటుంది. కోడి జాతికే చెందిన పొడవు తోక పక్షి ఫెజెంట్ గుడ్డు దాదాపు 30 గ్రాములు. బాబ్‌వైట్ కంజుకూ, చుకార్ కౌజుకూ 23 నుంచి 24 రోజులు, మెడపై తెల్ల పట్టీ ఉండే ఫెజెంట్‌కు 23 నుంచి 25 రోజులు, గిన్నీ కోడికి 26 నుంచి 28 రోజులు పడుతుంది. మార్కెట్లో దొరికే పెట్టెల్లో ఎక్కువ భాగం కోడిగుడ్డు కొలతకు చేసినవే. ఆ అరల్లో కంజు గుడ్డును ఉంచితే అది నిలబడదు, ఒక పక్కకు ఒరిగిపోతుంది, యంత్రం తిప్పినప్పుడు పూర్తిగా తిరగదు. అందువల్ల కంజు గుడ్ల కొలతకు విడిగా ట్రేలు దొరుకుతాయా, లేదా అరల మధ్య అడ్డుకమ్మీలను దగ్గరికి జరుపుకునే వీలుందా అన్నది చూడకుండా ఏ పెట్టెనూ ఎంచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. అడవిలో పక్షుల గూళ్ల నుంచి గుడ్లు తీసుకురావడం మాత్రం ఎవరూ తలపెట్టకూడదు; పెంపకంలో ఉన్న పక్షుల గుడ్లనే, నియమాలు తెలుసుకుని తెచ్చుకోవాలి.

ఫ్యాన్ ఉన్న పెట్టెలు, లేని పెట్టెలు అని రెండు రకాలున్నాయి. ఫ్యాన్ లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరి, చల్లగాలి అడుగున నిలుస్తుంది కాబట్టి, గుడ్డు పైభాగం ఎత్తులో 38.3 నుంచి 38.9 డిగ్రీలు ఉండేటట్టు చూసుకుంటారు. అప్పుడు గుడ్డు నడిమి భాగానికి తగినంత వేడి అందుతుంది. ఒకే పరిమాణంలో ఉన్న గుడ్లకు ఈ ఏర్పాటు పనిచేస్తుంది. కంజు గుడ్లను, ఫెజెంట్ గుడ్లను పక్కపక్కనే పెడితే మాత్రం పెద్ద గుడ్డు పైభాగం ఒక ఎత్తులో, చిన్న గుడ్డు పైభాగం మరొక ఎత్తులో ఉంటాయి. ఒకదానికి సరిపోయిన వేడి రెండోదానికి సరిపోదు. ఫ్యాన్ ఉన్న పెట్టెలో గాలి అంతటా కలుస్తుంది కాబట్టి 37.5 డిగ్రీలు అంటే దాదాపు అన్నిచోట్లా 37.5 డిగ్రీలే కావాలి. నా మొదటి పెట్టెలో ఫ్యాన్ ఉంది, కానీ అది ఒక మూలకు దగ్గరగా ఉండి, హీటరు నుంచి వచ్చే గాలిని నేరుగా ఆ మూల గుడ్ల మీదికే కొట్టేది. ఫ్యాన్ ఉందా అని అడిగితే చాలదు. అది ఎక్కడ ఉంది, గాలి గుడ్ల మీద పడేముందు దేనికైనా తగిలి చెదురుతుందా అన్నది మూత తీసి కళ్లారా చూడాలి. మూత మధ్యలో ఫ్యాన్, దాని చుట్టూ వలయంలా హీటరు ఉన్న అమరికలో మూలలకూ మధ్యకూ తేడా తక్కువగా ఉండటం నేను గమనించాను.

వేడిని అదుపులో ఉంచే పరికరం, అంటే థర్మోస్టాట్, గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంక్యుబేటర్ ప్రాణమంతా అందులోనే ఉంది. గుడ్లు పొదిగించడం కోసమే 17వ శతాబ్దం తొలినాళ్లలో కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు వేడిని తనంతట తానే సరిచేసుకునే పొయ్యిని తయారుచేశాడంటే, ఈ చిక్కు ఎంత పాతదో అర్థమవుతుంది. పాత పెట్టెల్లో ఈథర్ అనే త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపిన పలుచని లోహపు బిళ్ల వేడికి ఉబ్బి స్విచ్‌ను నొక్కేది. ఇప్పుడు ఆ పని ఎలక్ట్రానిక్ సెన్సరు చేస్తోంది. చవకరకం థర్మోస్టాట్ హీటరును పూర్తిగా వెలిగించి, పూర్తిగా ఆర్పుతుంది కాబట్టి గాలి వేడి ఒక అలలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మేలురకం కంట్రోలరు కావలసిన వేడి దగ్గరపడేకొద్దీ హీటరును కొంచెంకొంచెంగా తగ్గిస్తుంది. గాలిలో అర డిగ్రీ అటూఇటూ కొద్ది నిమిషాలు కదిలినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. గుడ్డు లోపలి ద్రవం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. అసలు హాని గంటల తరబడి నిలిచిపోయే వేడితోనే వస్తుంది. చల్లదనం పిల్లను ఆలస్యం చేస్తుంది, అధిక వేడి చంపుతుంది. 40 డిగ్రీలు దాటిన వేడి కొన్ని గంటలు నిలిస్తే చాలు, ఎన్నో రోజుల శ్రమ పోతుంది. కాబట్టి థర్మోస్టాట్ చెడిపోయినప్పుడు హీటరును విడిగా ఆపివేసే రక్షణ గానీ, గట్టిగా మోగే అలారం గానీ ఉన్న పెట్టెకు నేను ఎప్పుడూ పెద్దపీట వేస్తాను.

కొన్న పెట్టెలో గుడ్లు వెంటనే పెట్టకూడదు. రెండు రోజులు ఖాళీగా నడిపి, సొంత థర్మామీటరుతో మూలమూలా చూడాలి. ఆ థర్మామీటరు సరైనదో కాదో తెలుసుకోవాలంటే, దంచిన ఐసులో కొద్దిగా నీళ్లు పోసి అందులో ముంచితే సున్నా చూపించాలి. జ్వరం చూసే థర్మామీటరుకు అంత దిగువ కొలత ఉండదు కాబట్టి దానిని, పెట్టెలో వాడేదానిని కలిపి గోరువెచ్చని నీళ్లలో ఉంచి పోల్చుకోవచ్చు. తేమ మీటరుకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. సీసా మూతలో ఉప్పు వేసి, అది ముద్దలా తడిసేటంత నీళ్లు మాత్రమే పోసి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో కొన్ని గంటలు ఉంచితే 75 శాతం చూపించాలి. నా దగ్గరున్న ఒక మీటరు అదే పరీక్షలో 64 చూపించింది. దానిని నమ్మి నీళ్లు పోస్తూ పోయి ఉంటే గుడ్లను నీటిలో ముంచినంత పని అయ్యేది.

తేమ విషయంలో నేను ఇప్పుడు మీటరు కంటే త్రాసునే ఎక్కువగా నమ్ముతున్నాను. పొదుగుతున్న గుడ్డు పెంకులోని సన్నని రంధ్రాల గుండా నీటిని కోల్పోతూ ఉంటుంది. ఆ మేరకు వెడల్పు కొన దగ్గర గాలిగది పెరుగుతుంది, పిల్ల మొదటి ఊపిరి అక్కడే తీసుకుంటుంది. పిల్ల ముక్కుతో పెంకు పొడిచే వేళకు గుడ్డు బరువులో సుమారు 12 నుంచి 13 శాతం తగ్గి ఉండాలి. 20 కంజు గుడ్లు కలిపి 240 గ్రాములు ఉన్నాయనుకుంటే, 15 రోజుల్లో 30 గ్రాములు, అంటే రోజుకు దాదాపు 2 గ్రాములు తగ్గాలి. అంతకంటే వేగంగా తగ్గుతుంటే తేమ పెంచాలి, నెమ్మదిగా తగ్గుతుంటే నీటి అరల్లో ఒకదాన్ని ఎండనివ్వాలి. మచ్చలు దట్టంగా ఉండే కంజు గుడ్డు వెనుక టార్చిలైటు పెట్టి గాలిగదిని చూడటం కష్టం కాబట్టి ఈ పద్ధతి మరింత ఉపయోగపడుతుంది. అందుచేత పెట్టెలో చూడవలసినది తేమ అంకె కాదు, తేమను మార్చుకునే వెసులుబాటు: నీటి అర ఒకటే కాకుండా రెండు మూడుగా విడివిడిగా ఉండటం, మూత తీయకుండా బయటి నుంచే నీళ్లు పోయగలగడం, గాలి రంధ్రాలను అవసరం కొద్దీ తెరుచుకోగలగడం.

గుడ్లు తిప్పే ఏర్పాటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోకుండా ఉండటానికి తిప్పాలి. ఇరుపక్కలా 45 డిగ్రీల వరకు ఒరిగే ట్రే, గంటకోసారి దానంతట అదే తిరిగేది మంచిది. చేత్తో తిప్పేవారు రోజుకు కనీసం మూడు నుంచి అయిదు సార్లు తిప్పాలి, తిప్పిన ప్రతిసారీ మూత తెరవక తప్పదు.

చివరి మూడు రోజులకు పెట్టె ఎలా సిద్ధమవుతుందన్నది మాత్రం కొనేముందే ఆలోచించాలి. అప్పుడు తిప్పడం ఆపి, తేమను 65 నుంచి 70 శాతానికి పెంచి, గుడ్లను చదునైన అడుగు మీద పడుకోబెట్టాలి. తిప్పే ట్రేను బయటికి తీయగలిగే పెట్టె అయితేనే ఇది సాధ్యం. అడుగు నున్నని ప్లాస్టిక్ అయితే పిల్లల కాళ్లు ఇరుపక్కలా జారి, తొడలు పట్టుతప్పుతాయి. గరుకుగా ఉండే రబ్బరు జాలీ పరచాలి. కోడిపిల్లకు సరిపోయే జాలీ కన్నం లోంచి కంజు పిల్ల కాలు, ఒక్కోసారి పిల్లే దిగబడుతుంది. నీటి అరలు తెరిచి ఉంటే కంజు పిల్లలు వేలి లోతు నీటిలోనే మునిగి చనిపోతాయి, కాబట్టి అరల మీద మూతజాలీ ఉండి తీరాలి. మూతలో వెడల్పైన కిటికీ ఉండాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే. పెంకుకు చిల్లు పెట్టిన పిల్ల విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు మూత తెరిస్తే తేమ ఒక్కసారిగా పోయి, లోపలి పొర ఎండి ఆ పిల్లకు కాగితంలా చుట్టుకుంటుంది. ఆ తరువాత అది పెంకులో తిరగలేదు. బయటి నుంచే అంతా కనిపిస్తే చెయ్యి మూత మీదికి పోదు.

వారం వారం గుడ్లు వేయాలనుకునేవారికి ఒక్క పెట్టె చాలదు. చివరి రోజుల గుడ్లకు కావలసిన తేమ మొదటి వారం గుడ్లకు ఎక్కువవుతుంది, పైగా పిల్లల నూగు, మలినం మిగతా గుడ్ల మీద పడుతుంది. తిప్పే ఏర్పాటు లేని చిన్న పెట్టెను పిల్లలు లేచే దశకే కేటాయించుకోవడం నాకు బాగా అనుకూలించింది. లోపలి భాగాలన్నీ విప్పి కడగగలిగే ప్లాస్టిక్ పెట్టె ఈ రెండో పనికి మేలు. థర్మకోల్ పెట్టె వేడిని చక్కగా నిలుపుతుంది, కానీ దాని గుంటల్లో చేరిన మురికిని పూర్తిగా వదిలించడం అయ్యే పని కాదు. కరెంటు పోయే అవకాశం ఉన్నచోట, 12 వోల్టుల బ్యాటరీతో నేరుగా నడిచే పెట్టెను ఎంచుకుంటే రాత్రులు నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఆ సదుపాయం లేనివారు గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పెట్టెపై దుప్పటి కప్పి, మూత తెరవకుండా ఉంచాలి.

ప్రస్తుతం నా పెద్ద పెట్టెలో 18 ఫెజెంట్ గుడ్లు 20వ రోజులో ఉన్నాయి. మొదటి రోజు 540 గ్రాములు తూగిన ట్రే గుడ్లు ఈ ఉదయం 482 దగ్గర ఉన్నాయి, నాలుగు మూలల మధ్య తేడా 0.3 డిగ్రీలు. చిన్న పెట్టెను నిన్న రాత్రే కడిగి ఆరబెట్టి, జాలీ పరిచి, 37.2 దగ్గర నడుస్తూ ఉండనిచ్చాను. రేపు సాయంత్రం గుడ్లను అందులోకి మారుస్తాను.